గురుశాసనము, శిష్యప్రతిభ: 'స్వాతికిరణం' చిత్రమునందలి విద్యాసమస్య

సంగీతము నేర్పు గురువు కఠినుడుగా నుండవలెనా, మృదువుగా నుండవలెనా యను ప్రశ్న చాల పాతది. దెబ్బ తగులనిదే విద్య రాదని కొందఱు, ఆదరణ లేనిదే గళము విచ్చుకొనదని మఱికొందఱు చెప్పుచుందురు. ఇరుపక్షములకును దృష్టాంతములు సమృద్ధిగా దొరకును గనుక ఈ వాదము ఒక కొలిక్కి వచ్చునది కాదు. కాని దీని వెనుక మఱియొక ప్రశ్న కలదు. గురువు చూపు కాఠిన్యము విద్య కొఱకా, తన స్థానము కొఱకా? శిష్యుడు తప్పు పాడినపుడు గురువు కోపించుట ఒకటి. శిష్యుడు తనకంటె బాగుగా పాడినపుడు కోపించుట వేఱొకటి. వెలుపలికి రెండును ఒకే తీరున కనబడును. శిష్యునకు, అందును పసివానికి, ఈ భేదమును గుర్తింపగల వయస్సు ఉండదు. ఈ భేదమునే ప్రధానవస్తువుగా గ్రహించిన తెలుగు చిత్రము 1992 లో వెలువడిన 'స్వాతికిరణం'.

దీని దర్శకుడు కె. విశ్వనాథ్ (1930–2023). సంగీతము కూర్చినవారు కె.వి. మహదేవన్. గురువైన అనంతరామశర్మగా మలయాళనటుడు మమ్ముట్టియు, అతని భార్య శారదగా రాధికయు, గంగాధరమను బాలుడుగా మాస్టర్ మంజునాథ్‌యు నటించిరి. ఈ మంజునాథ్ అంతకుముందే ఆర్.కె. నారాయణ్ కథల ఆధారముగా దూరదర్శన్‌లో వచ్చిన 'మాల్గుడి డేస్' లోని స్వామి పాత్రచేత దేశమంతట పరిచితుడు. గురువునకు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యమును, బాలునకు వాణీ జయరామును నేపథ్యగానము చేసిరి. ఈ గానమునకే వాణీ జయరామునకు ఉత్తమగాయనిగా జాతీయపురస్కారము లభించినది. గొంతు మాఱని బాలుని పాటకు స్త్రీకంఠమును వాడుట మన చిత్రసీమలో మామూలే. ఇచట మాత్రము దానివలన విశేషప్రయోజన మొకటి సమకూరినది. గురుశిష్యుల గొంతులు రెండును ఒకదానితో నొకటి కలియని జాతులకు చెందినవిగా వినబడుటచేత, వారి నడుమ పోటీయే అర్థరహితమని శ్రోత చెవికి ముందుగనే తెలియుచున్నది. శర్మకు మాత్రము తెలియదు.

కథ సంగ్రహముగా నిది. అనంతరామశర్మ మహావిద్వాంసుడు, తనకు సాటి లేడను భావము అతని రక్తములో నున్నది. గంగాధరము అల్లరిపిల్లవాడు, పుట్టుకతోనే పాట అబ్బినవాడు. ఉన్న సంప్రదాయమును చెఱుపకయే దానిలో క్రొత్తదారి తీయగల బుద్ధి వానిది. వాని ప్రతిభ జనమునకు తెలిసిన క్షణమునుండి శర్మకు నిద్ర దూరమగును. ఐనను ఆ బాలుని శిష్యునిగా స్వీకరించును. సంతానము లేని శారద వానిని కన్నకొడుకువలె చూచుకొనును. గురువు తనపట్ల అసూయతో దహించుకొనిపోవుచున్నాడని గ్రహించిన బాలుడు, తానే తొలగిపోయినచో గురువునకు శాంతి కలుగునని భావించి ప్రాణత్యాగము చేయును. తరువాత శర్మ గర్వమంతయు కూలి, చివరకు చిన్నపిల్లల సరసన కూర్చుండి పాఠము వినువాడగును.

ఈ చిత్రమును అసూయను గూర్చిన కథగా మాత్రమే సమీక్షించుట వాడుక. అది సత్యమే గాని చాలదు. అసూయ సభలోను, రాజకీయములోను, వర్తకములోను గలదు. విద్యాసంబంధములో అది ఏ రూపము ధరించును, ఎట్లు దాగును అనునదే ఇచట పరిశీలింపదగిన విషయము. ఇందుకు మన సంగీతబోధనాక్రమమును కొంచెము చూడవలసి యున్నది.

కర్ణాటకసంగీతమున ప్రారంభపాఠములు మాయామాళవగౌళరాగమున నుండును. ఈ యేర్పాటు పురందరదాసుది యని సంప్రదాయము. సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు, గీతములు, వర్ణములు, కృతులు అను మెట్లు ఇందు గలవు. సరళిని మూడు కాలములలో పాడింతురు. చేయి తాళము వేయుచుండును, గొంతు స్వరము పలుకుచుండును. ఆదితాళములో ఎనిమిది క్రియలు: ఒక లఘువునకు నాలుగు, రెండు ద్రుతములకు నాలుగు. ఎనిమిదవ క్రియ ముగిసినపుడు స్వరము ఇంకను మిగిలియున్నచో శిష్యుడు తప్పినట్లు. ఈ సంగతి గురువు చెప్పనక్కఱలేదు; చేయియే చెప్పును. ఈ పద్ధతి యొక్క గొప్పతనము ఇచటనే యున్నది. తప్పునకు గురువుకంటె వేఱైన సాక్షి యొకడు కలడు; వాడు తాళము. శ్రుతి రెండవ సాక్షి. గురువు ఎంత కఠినుడైనను ఈ ఇద్దఱు సాక్షుల మాటకు లోబడియే కోపింపవలెను. కావున ఈ దశలో కాఠిన్యమునకు కొలత గలదు.

చిక్కు మనోధర్మమును చేరినపుడు మొదలగును. రాగాలాపన, నెరవు, కల్పనాస్వరము అనునవి పాఠముగా వచ్చునవి కావు. పాఠము నుండి పుట్టవలసినవి. ఇచట శిష్యుడు గురువు పాడనిదానిని పాడును. అది తప్పా, ఒప్పా, క్రొత్తదా యని చెప్పుటకు తాళము చాలదు. గురువు మాటయే ప్రమాణము. ఆ ఒక్క చోటనే గురువు చేతికి హద్దులేని అధికారము వచ్చును. గంగాధరము స్వరము తప్పినవాడు కాడు. తాళము తప్పినవాడు కాడు. వానిని దండించుటకు శర్మకు వ్యాకరణము సహాయము చేయలేదు. అందువలన అతడు వినయము, సంప్రదాయము, అర్హత యను పెద్దమాటలను ఆశ్రయింపవలసి వచ్చినది. తప్పు ఫలానిచోట నున్నదని వేలు పెట్టి చూపలేని గురువు శిష్యుని స్వభావమును నిందించును. సంగీతశాలలలోనే గాక పరిశోధనశాఖలలో కూడ ఈ లక్షణమును గమనింపవచ్చును. ఆ చర్చ ఇచట అనవసరము.

దీనికి భిన్నమైన బోధన ఒకటి మన పల్లెలలో నున్నది. కడపజిల్లాలో పులివెందుల ప్రాంతమునకు చేరిన చక్రాయపేట మండలములో, పాపాఘ్ని కొండలను చీల్చుకొని వచ్చుచోట, గండి ఆంజనేయక్షేత్రము కలదు. శ్రావణమాసపు శనివారములలో అచట జనము కిక్కిఱిసి యుండును. ఈ సీమ గ్రామములలో వ్యాపించియున్న కళ చెక్కభజన. చేతులలో లోహపుబిళ్లలు పొదిగిన చెక్కలు, కాళ్లకు గజ్జెలు ధరించి ఆటగాండ్రు వలయముగా నిలుతురు. గురువు పాట నెత్తుకొనును, బృందము అందుకొనును. అడుగు, చెక్క, పాట మూడును ఒకేచోట పడవలెను. పగలంతయు సేద్యపుపనులలో అలసినవారికి రాత్రివేళ ఈ అడుగులు నేర్పుట సులభకార్యము కాదు. గురువు గద్దించును, మందలించును, మొదటినుండి మరల ఆడించును. కాని ఒకని అడుగు తప్పినచో వలయమంతయు చెదరును. ఆ తప్పు చూచువారందఱకును కనబడును. అడుగు కుదిరినపుడు ఆ మెప్పు వలయమునకు చెందును గాని ఒక్కనికి గాదు. ఇట్టిచోట గురువు తన శిష్యుని చూచి భయపడుటకు అవకాశము తక్కువ. శాస్త్రీయసంగీతము కచేరివేదికను చేరి, ఒక్కగాయకుని పేరు, బిరుదు, సన్మానము ప్రధానములైన తరువాతనే శర్మవంటివాడు సంభవించినాడు. విశ్వనాథ్ ఈ మాట నోటితో చెప్పలేదు. కాని శర్మ చుట్టును సభలను, పురస్కారములను నింపి చూపినాడు.

వలయమున్నంతమాత్రమున రక్షణ యున్నదని తలపరాదు. 2014 లో అమెరికాలో డేమియన్ షజెల్ అను యువదర్శకుడు 'విప్‌లాష్' అను చిత్రమును తీసెను. ఆ మాటకు కొరడాదెబ్బ యని అర్థము. కథలో వాయింపబడు ఒక జాజ్ రచనకు అది పేరు కూడ. న్యూయార్కులోని ఒక కల్పిత సంగీతవిద్యాలయములో ఫ్లెచర్ అను గురువు జాజ్ వాద్యబృందమును నడుపుచుండును. డ్రమ్ములు వాయించు ఆండ్రూ అను కుఱ్ఱవాడు ఆ బృందములో చేరును. గురువు తిట్టును, కొట్టును, కుర్చీ విసరును. ఈ పాత్రకు జె.కె. సిమ్మన్స్‌కు ఆస్కారుపురస్కారము వచ్చినది. దర్శకుడు తన పాఠశాలవాద్యబృందములో తాను డ్రమ్ములు వాయించిన దినముల అనుభవమునే ఈ కథకు మూలముగా గ్రహించెను.

ఆ చిత్రములో ప్రసిద్ధమైన సన్నివేశమొకటి కలదు. కాలప్రమాణము తప్పినదని గురువు మరల మరల ఆపించును. నీవు ముందునకు పోవుచున్నావా, వెనుకబడుచున్నావా యని అడుగును. శిష్యుని చెంపపై లెక్కగా కొట్టుచు లయ చెప్పించును. ఇది బోధనవలె కనబడును. కాని నిజముగా చూచినచో గురువు తనకు తెలిసినదానిని దాచి, తెలియని శిష్యుని దానికొఱకు దండించుచున్నాడు. మన సరళీపాఠములో తాళము బహిరంగసాక్షి. ఇచట లయ గురువు జేబులో దాచిన రహస్యము. బృందమున్నను ఆ బృందము సాక్షిగా నిలువలేదు; తల వంచుకొని కూర్చున్నది.

ఫ్లెచర్ తన పద్ధతికి ఆధారముగా ఒక కథ చెప్పుచుండును. జో జోన్స్ అను డ్రమ్ముల విద్వాంసుడు యువకుడైన చార్లీ పార్కర్ తలపైకి తాళపుబిళ్ల విసరెననియు, ఆ అవమానమే వానిని మహాకళాకారుని చేసెననియు ఆ కథ. కాన్సస్ నగరములో 1930 లలో జరిగినట్లు చరిత్రకారులు చెప్పునది వేఱు: జోన్స్ ఆ బిళ్లను పార్కర్ కాళ్లవద్ద నేలపై పడవేసెను. ఆట ఆపుమని ఆ చప్పుడునకు భావము. అది అవమానమే గాని హత్యాప్రయత్నము కాదు. ఆ తరువాత పార్కర్ చేసినది ఏకాంతములో దీర్ఘసాధన. కఠినగురువులు తమ కాఠిన్యమును సమర్థించుకొనుటకు చరిత్రను ఎట్లు కొంచెముగా వంచుదురో ఈ కథ చూపుచున్నది. మన గురుకులకథలలో కూడ ఇట్టివి లేకపోలేదు.

రెండు చిత్రములలోను ఒక శిష్యుని ప్రాణము పోవును. 'విప్‌లాష్' లో ఫ్లెచర్ పూర్వశిష్యు డొకడు మరణించినట్లు తెలిసినపుడు, అది కారుప్రమాదమని అతడు విద్యార్థులకు చెప్పి కన్నీరు పెట్టుకొనును. అది ఆత్మహత్య యని తరువాత బయటపడును. ఆ మరణము తెరమీద కనబడదు. కథ దానిని దాటి ముందునకు సాగి, చివర శిష్యుని అద్భుతవాదనముతో ముగియును. ఆ ముగింపులో గురువు కనులు మెఱయును. ఇంతటి కళ పుట్టినది గదా, ఆ దెబ్బలు సార్థకములే గదా యను భావమునకు ప్రేక్షకుడు కొంతవఱకైనను లోబడును. 'స్వాతికిరణం' లో మరణము తెరవెనుక లేదు. అదే కథకు నడిబొడ్డు. దాని తరువాత ఏ కచేరియు ఆ లోటును పూడ్చలేదు. నా యభిప్రాయమున ఇందు విశ్వనాథ్ అమెరికా దర్శకునికంటె సాహసి.

ఐనను ఈ మరణచిత్రణమునందే తెలుగు చిత్రము మీద నాకు ఆక్షేపణము గలదు. బాలుని త్యాగము దాదాపు గురుదక్షిణగా చూపబడినది. ఇది మన సాహిత్యములో ఏకలవ్యుని కథవలన వచ్చిన భావము. నన్నయ ఆదిపర్వములో ద్రోణుడు తన చేత నేరుగా విద్య పొందని ఎఱుకువానిని కుడిబొటనవ్రేలు అడిగినాడు. అర్జునునకు సాటి యుండరాదని ముందే మాట ఇచ్చినందున అడిగినాడు. ఏకలవ్యుడు ఇచ్చినాడు. తరతరములుగా మనము ఆ ఇచ్చినవానిని పొగడుచు, అడిగినవానిని ఉపేక్షించుచు వచ్చితిమి. గంగాధరము విషయములో గురువు నోరు తెఱచి అడుగనుకూడ లేదు. శిష్యుడు తానే ఊహించి ఇచ్చినాడు. అది మఱింత భయంకరము. పిల్లవాడు పెద్దవాని మనశ్శాంతికి తాను బాధ్యుడనని తలచుట త్యాగము కాదు. వాని చుట్టునున్న పెద్దలందఱి వైఫల్యము. చిత్రము ఈ సంగతిని సగము గుర్తించినది, సగము పుష్పములతో కప్పినది.

ఆ గుర్తించిన సగము శారద పాత్రలో నున్నది. గురుకులమనగా గురువు ఒక్కడే కాదు. శిష్యునకు అన్నము పెట్టునది, జ్వరము వచ్చినపుడు నుదురు తాకి చూచునది గురుపత్ని. శారద సంగీతమును ఎఱిగినది, భర్తను ఎఱిగినది, పిల్లవానిని ఎఱిగినది. ఆ ఇంటిలో సత్యము పూర్తిగా తెలిసిన వ్యక్తి ఆమె యొక్కతే. భర్త విద్వత్తుపై ఆమెకు గల గౌరవము యథార్థమైనది గనుకనే ఆమె నిస్సహాయురాలు. ఈ పాత్ర పక్షమున చూచినచో చిత్రములోని ప్రధానసంఘర్షణము గురుశిష్యులది కాక, తెలిసియు ఆపలేని సాక్షిది. రాధిక నటనలో కేకలు తక్కువ. చిన్నవాని పాట వినునపుడు ముఖమున ఆనందము వచ్చి, వెంటనే భర్త వైపు చూచి ఆ ఆనందమును దాచుకొనుట ఆమె చేసినపని. ఇంతకంటె భయమును బాగుగా చూపుట కష్టము.

శర్మను పోల్చుటకు పాశ్చాత్యసాహిత్యములో సాలియేరి పాత్ర సిద్ధముగా నున్నది. మొజార్టుపై అసూయపడిన సంగీతకారుడుగా 1830 లో పుష్కిన్ అతనిని నాటికలో నిలిపెను. పీటర్ షాఫర్ 1979 లో 'అమేడియస్' నాటకము వ్రాసెను. 1984 లో మిలోష్ ఫోర్మన్ దానిని చిత్రముగా తీసెను. చరిత్రలోని ఆంటోనియో సాలియేరి మాత్రము ఉత్తమగురువు. బీథోవెను, షూబర్టు, లిస్టు అతనివద్ద నేర్చుకొనిరి. మొజార్టు కుమారుడు కూడ అతని శిష్యుడే. కల్పన ఒకనికి అన్యాయము చేసినను సత్యమొకటి చెప్పినది: ఇతరుని గొప్పతనమును పూర్తిగా గ్రహింపగలవాడే దానికి పూర్తిగా అసూయపడగలడు. శర్మ చెవి మంచిది. అదే అతని శిక్ష.

విశ్వనాథ్ ఈ సమస్యకు మఱియొక ముఖమును పండ్రెండేండ్లకు ముందే చూపియుండెను. 1980 లో వెలువడిన 'శంకరాభరణం' లోని శంకరశాస్త్రి, జె.వి. సోమయాజులు ధరించిన పాత్ర, కాఠిన్యములో శర్మకు తీసిపోడు. పెండ్లిచూపుల వేళ పాడుచున్న కూతురు రాగమునకు చెందని స్వరము పలికినపుడు, సభ్యత సైతము మఱచి గర్జించును. కాని ఆ గర్జన స్వరముపై, కూతురుపై కాదు. తప్పు ఎచట నున్నదో అందఱును వినగలరు. అదే శాస్త్రి తన చివరి కచేరిలో పాట సాగింపలేక ఆగినపుడు, శిష్యుడైన బాలుడు అందుకొని పాడగా తృప్తితో విని, తన గండపెండేరమును వానికిచ్చి కన్నుమూయును. శర్మ ఏ క్షణమునకు భయపడెనో శాస్త్రి ఆ క్షణమునకై ఎదురుచూచెను. ఒకే దర్శకుడు, ఒకే సంగీతదర్శకుడు, ఇరువురు గురువులకును ఒకే నేపథ్యగాయకుడు. రెండు చిత్రములను వరుసగా చూచినవారికి కాఠిన్యము అసలు విషయమే కాదని స్పష్టమగును.

ఇది సినిమాకల్పన మాత్రమే కాదు. త్యాగరాజు (1767–1847) గురువైన సొంఠి వేంకటరమణయ్య తన ఇంట శిష్యుని గానము విని, రాజసభలో తనకు వచ్చిన హారమును శిష్యునకు ఇచ్చెనని సంప్రదాయము చెప్పుచున్నది. అదే శిష్యపరంపర మానంబుచావడి వేంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి గార్ల ద్వారా పారుపల్లి రామకృష్ణయ్యపంతులు వఱకు వచ్చినది. పంతులుగారివద్ద చేరిన బాలుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016). పుట్టిన కొలదిదినములకే తల్లిని కోల్పోయినవాడు. ఎనిమిదేండ్లప్రాయమున విజయవాడలో కచేరి చేయగా, ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారు మురళీకృష్ణ యను పేరునకు ముందు 'బాల' అను పదమును చేర్చినారు. తరువాత డెబ్బదిరెండు మేళకర్తరాగములలోను కృతులు రచించుట, నాలుగు స్వరములతో మహతి వంటి రాగములను కల్పించుట, వానిపై విద్వత్సభలలో వివాదములు రేగుట లోకవిదితము. గంగాధరము బ్రతికియున్నచో ఎట్టివాడయ్యెడివాడో ఊహింప గోరువారు ఈ జీవితమును చూడవచ్చును. ఆ బాలునకును ఈ బాలునకును భేదము ప్రతిభలో లేదు. ఇంటిలో పాఠము చెప్పినవానిలో నున్నది.

'స్వాతికిరణం' ముగింపులో శర్మ పిల్లల వరుసలో కూర్చుండుట కొందఱికి అతిగా తోచినది. గురువును అంతగా క్రిందికి దింపవలెనా యని వారి ప్రశ్న. నాకది శిక్షగా కాక, మరల మొదటిపాఠమునకు పోవుటగా కనబడుచున్నది. సరళిలో బిరుదులు లేవు. తాళము తప్పినచో విద్వాంసుడైనను తప్పినట్లే. మొదట చెప్పిన ఆ ఇద్దఱు సాక్షులు, శ్రుతియు తాళమును, అతనికి మరల లభించినారు.

ఈ సందర్భమున ఒక విచిత్రమును చెప్పవలసి యున్నది. శంకరశాస్త్రికిని అనంతరామశర్మకును గళమిచ్చిన బాలసుబ్రహ్మణ్యము (మరణము 2020) శాస్త్రీయసంగీతమును గురుముఖమున క్రమముగా అభ్యసించినవాడు కాడు. 1996 నుండి ఈటీవీలో 'పాడుతా తీయగా' కార్యక్రమమును నడిపి, తెలుగుదేశపు నలుమూలలనుండి వచ్చిన పిల్లల పాట విని తప్పులు దిద్దినాడు. లక్షలమంది చూచుచుండగా దిద్దుట శర్మ గద్దింపుకంటె ప్రమాదకరము కావచ్చును. ఆయన ఏ అక్షరము నలిగినదో, ఏ సంగతి జాఱినదో చెప్పును; ఆ భాగమును తాను పాడి చూపును; ఆ పాటను మొదట పాడినవారిని, వ్రాసినవారిని, స్వరపఱచినవారిని పేరుపేరున తలచుకొనును. తరువాత పిల్లవానిచేత ఆ ముక్కను మరల పాడించును.